శుక్లం ఆపరేషన్ తర్వాత కార్తీక స్నానం, పథ్యం, చుక్కల మందు: మీ అమ్మగారి గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రాజోలు దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి ఐదు రోజులైంది. ఆవిడకి షుగర్ ఉంది, మీరు హైదరాబాద్‌లో ఉన్నారు. చుట్టుపక్కల వాళ్ళు పప్పు, వంకాయ, చేప పెట్టొద్దని, నలభై రోజులు చీకటి గదిలో ఉంచమని చెబుతున్నారు. ఆవిడేమో కార్తీక మాసం కదా, తెల్లవారుజామున కాలువ రేవులో మునక వెయ్యకపోతే ఎలా అంటున్నారు. కన్ను తేటగా కనిపిస్తోంది కాబట్టి చుక్కలు ఆపెయ్యొచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. రేవు స్నానం ఈ కార్తీకానికి వద్దు. చుక్కలు చీటీలో రాసిన చివరి రోజు దాకా వెయ్యాల్సిందే. పప్పు, వంకాయ, చేప అన్నీ తినొచ్చు. చీకటి గది అక్కర్లేదు. నొప్పి పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నేను డాక్టర్ని కాదు. చాలా ఏళ్ళుగా ఈ జిల్లాల్లోనే కంటి వార్డులో పనిచేస్తున్నాను. ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు. మర్నాడు కట్టు విప్పడం, ఇంటికెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం, మళ్ళీ చూపించుకోడానికి వచ్చినప్పుడు ముందుగా చూడటం మా పని. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఏంటంటే, మన ఇళ్ళలో జాగ్రత్త తక్కువేం కాదు. కాకపోతే అదంతా తిండి మీద పెడతారు. పెట్టాల్సింది నీళ్ళ మీద, చేతుల మీద, చుక్కల మీద. నెల రోజులు పప్పు ముట్టకుండా చప్పిడి కూడు తిన్న మనిషే, పమిట చెంగుతో కన్ను తుడుచుకుంటూ కనిపిస్తుంది.

ఈ పథ్యాలూ చీకటి గదులూ ఊరికే పుట్టలేదు. మన అమ్మమ్మల కాలంలో శుక్లం ఆపరేషన్ అంటే నల్లగుడ్డు అంచు వెంట సగం దూరం కోసి, శుక్లం మొత్తాన్ని బయటికి తీసి, కుట్లు వేసేవారు. ఆ కుట్లు కదలకూడదని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టిన రోజులున్నాయి. గట్టిది నమిలినా, దగ్గినా భయమే. అందుకే జావ, చారన్నం. లోపల లెన్సు పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టినా, మన క్యాంపుల్లో అది మామూలయింది 1990ల తర్వాతే. అంతకుముందు వాళ్ళకి సోడాబుడ్డి కళ్ళద్దాలే గతి.

ఇప్పుడు ఫ్యాకో పద్ధతిలో, అంటే శుక్లాన్ని మిషన్‌తో లోపలే ముక్కలు చేసి పీల్చేసే పద్ధతిలో, కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. చిన్న కోత పద్ధతి అని ఇంకొకటి ఉంది, క్యాంపుల్లో ఎక్కువగా చేసేది అదే. అందులో కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది. రెండిట్లోనూ మామూలుగా కుట్టు వెయ్యరు. కోతని ఏటవాలుగా, సొరంగంలా చేస్తారు. లోపలి గాలి నెట్టినప్పుడు తలుపు తనంతట తనే మూసుకున్నట్టు, కంటి లోపలి ఒత్తిడే ఆ కోతని మూసి ఉంచుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కుట్టు లేదు కాబట్టి, కన్ను నలిపినా నొక్కినా ఆ కోత ఒక్క క్షణం విచ్చుకుని, కంటిపైన ఉన్న తడి లోపలికి పోవచ్చు. ఆ తడి శుభ్రమైనదైతే సరే. కాలువ నీళ్ళయితే?

కాలువ నీళ్ళ గురించి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్ళు మీ ఊరి రేవుకి వచ్చేలోపు ఎన్ని ఊళ్ళు దాటతాయో మీకు తెలుసు. దారిలో గేదెల్ని కడుగుతారు, బట్టలు ఉతుకుతారు, కొన్ని చోట్ల ఇళ్ళ మురుగు, చేపల చెరువుల నీళ్ళు కూడా కలుస్తాయి. ఆ నీళ్ళలో ఉండే క్రిములు మామూలు కంటిని ఏమీ చెయ్యకపోవచ్చు, కన్నీళ్ళూ రెప్పలూ వాటిని కడిగేస్తాయి. కోత మానని కంటికి అవే చాలా ప్రమాదం. గోదారి తల్లి మీద ఆవిడకున్న భక్తిని ఎవరూ తప్పుపట్టక్కర్లేదు. నీళ్ళలో క్రిములుండటం వేరే విషయం, అంతే.

ఆవిడకి ఇలా చెప్పి చూడండి, మా దగ్గర చాలామంది ఒప్పుకున్నారు. ఇంట్లోనే గోరువెచ్చని నీళ్ళతో మెడ కింద నుంచి స్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టుకోవచ్చు. అరటి డొప్పలో దీపం కాలువలో వదలాలంటే కోడలో, మనవరాలో ఆవిడ పేరు చెప్పి వదలొచ్చు. నెత్తిన నీళ్ళు చల్లుకుంటానంటే అదీ వద్దు, నుదుటి మీద నుంచి కంట్లోకే కారతాయి. ఇంకో మాట. తెల్లవారుజాము చీకట్లో రేవు మెట్లు నాచు పట్టి ఉంటాయి. ఒక కన్ను కొత్తగా తేటపడి, రెండో కన్ను మసకగా ఉన్నప్పుడు మెట్టు ఎంత లోతుందో సరిగ్గా అంచనా దొరకదు. జారిపడి తుంటి విరిగితే, కన్ను బాగయినా మంచం దిగలేరు. పంచారామాలకి బస్సులో వెళ్తానంటే రెండు వారాలు ఆగి, డాక్టర్ సరేనన్నాక, కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళొచ్చు. కర్పూరం పొగకి, తోపులాటకి దూరంగా ఉండాలి.

తలస్నానం సాధారణంగా పది రోజుల నుంచి రెండు వారాల దాకా వద్దంటారు, మీ చీటీలో ఎంత రాసి ఉంటే అంత. ఆ తర్వాత మొదటిసారి పోసేటప్పుడు కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఇంకొకరు పోయాలి. కుంకుడు రసం నెల దాకా వద్దే వద్దు. అది కంట్లో పడితే మంచి కన్నే నిప్పులా మండుతుంది, ఆ మంటకి చెయ్యి తెలీకుండానే కంటి మీదికి పోతుంది, నలిపేస్తారు. ఈలోగా తల దురద పెడితే తడిబట్టతో జుట్టు తుడవండి. మొహం కడిగే బదులు శుభ్రమైన తడిగుడ్డతో కన్ను వదిలేసి తుడుచుకోవాలి. రేవులో, చెరువులో మునక మాత్రం కనీసం నెల, అదీ డాక్టర్‌ని అడిగాకే.

చుక్కల మందు. చీటీలో సాధారణంగా రెండు రకాలుంటాయి, కొన్నిసార్లు రెండూ ఒకే సీసాలో వస్తాయి. ఒకటి క్రిములు చేరకుండా వేసే యాంటీబయాటిక్. రెండోది స్టెరాయిడ్, కంటి లోపలి వాపు తగ్గడానికి. కొందరికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళకి, మూడో రకం వాపు మందు కూడా ఇస్తారు. స్టెరాయిడ్ చుక్కల్ని మొదట రోజుకి ఎక్కువసార్లు మొదలుపెట్టి, వారం వారం ఒక్కొక్కటి తగ్గిస్తూ నెలా, నెలన్నర దాకా తీసుకెళ్తారు. ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది. పక్కింటావిడ చీటీ చూసి మీరు వెయ్యకూడదు.

చూపు మొదటి వారంలోనే తేటపడుతుంది కాబట్టి చాలామంది మీలాగే అడుగుతారు. బయటికి తేటగా ఉన్నా లోపల వాపు చల్లారడానికి వారాలు పడుతుంది. మధ్యలో ఆపితే అది తిరగబెడుతుంది. అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సీసా అయిపోయిందని, కన్ను బాగానే ఉందని రెండో వారంలోనే మానేశారు. కొన్నాళ్ళకి వెలుతురు చూడలేక, ఎర్రటి కంటితో, కండువా కప్పుకుని వచ్చారు. మందు మళ్ళీ మొదటి నుంచి, ఇంకా ఎక్కువసార్లు వెయ్యాల్సి వచ్చింది. కన్ను నిలబడింది గానీ నెలలో అయిపోవాల్సింది చాలాకాలం సాగింది. కాబట్టి సీసా అడుగంటకముందే రెండోది కొని ఉంచండి.

వేసే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే సగం మందు బుగ్గ మీదికే పోతుంది. వేసేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆవిడని దిండు లేకుండా పడుకోబెట్టి, పైకి చూడమనాలి. కింద రెప్పని వేలితో కొంచెం కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది, అందులో ఒక్క చుక్క. రెండో చుక్క వేసినా కంట్లో నిలవదు, కారిపోతుంది. పై రెప్పని ఎత్తొద్దు, నొక్కొద్దు. సీసా మూతి రెప్పకీ వెంట్రుకలకీ తగలకూడదు. వేశాక మెల్లగా కన్ను మూసుకుని ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. రెండు మందుల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పాలలా తెల్లగా ఉండే మందయితే ముందు బాగా కుదపాలి, అడుగున పేరుకుంటుంది. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి, నెల దాటాక మిగిలినా పారెయ్యండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. కోర్సు అయిపోయాక ఆ స్టెరాయిడ్ సీసాని ఇంట్లో దాచొద్దు. మనవడికి కళ్ళకలక వచ్చిందనో, కంట్లో నలక పడిందనో అదే తీసి వేస్తారు. చేలో వరి ఆకు తగిలి నల్లగుడ్డు మీద పుండు పడినవాళ్ళకి ఆ మందు వేస్తే, పుండులోకి ఫంగస్ చేరి ఉంటే, అది రెచ్చిపోయి కన్ను పోయేదాకా వస్తుంది. అలా వచ్చినవాళ్ళని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒరిజినల్ చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి ఇదే చుక్కలు వేసుకుంటే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి, నొప్పీ మంటా లేకుండానే చూపు పోతుంది.

కన్ను శుభ్రం చెయ్యడానికి దూదిని నీళ్ళలో వేసి బాగా మరిగించి, చల్లారాక, చేతులు కడుక్కుని పిండి, మూసిన రెప్ప మీద ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడవాలి. ఒక దూది ముక్కని రెండోసారి వాడొద్దు. పొద్దున్నే కొంచెం పుసి ఉండటం మామూలే.

తిండి. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. చీము క్రిముల వల్ల పడుతుంది. పప్పు, గుడ్డు, చేప, పాలు గాయం మానడానికి కావాల్సినవే. కార్తీకంలో ఆవిడ నీచు తినరంటే ఆ పప్పు ఇంకా అవసరం. పొన్నగంటి కూర కంటికి మంచిదంటారు, వండి పెట్టండి, ఆకుకూరలు మంచివే. విరోచనం సాఫీగా అవడం అవసరం, ముక్కితే కంటి మీద ఒత్తిడి పడుతుంది. నీళ్ళు, పీచున్న కూరలు, ఒక అరటిపండు చాలు. దగ్గూ జలుబూ ఉంటే ఓర్చుకోకుండా మందు వాడాలి.

నాకు పప్పు కన్నా ఎక్కువ దిగులు కలిగించేది ఆవిడ ఉపవాసం. కార్తీక సోమవారాలు నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ తినకుండా షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మాత్ర మానేస్తే షుగర్ పెరిగి, కన్ను మానడం ఆలస్యమవుతుంది, క్రిములు చేరే అవకాశం పెరుగుతుంది. ఈ ఏడాదికి పాలు, పండ్లు, ఇడ్లీ లాంటివి వేళకి తీసుకుంటూ పూజ చేసుకోమనండి. మాత్రల సంగతి ఆవిడ షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. బీపీ మాత్రలు, గుండెకిచ్చిన రక్తం పల్చబరిచే మాత్రలు ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు.

కంట్లో ఏం వెయ్యకూడదో కూడా చెప్పాలి. ఆముదం, తేనె, చనుబాలు, నందివర్ధనం పూల రసం, పన్నీరు, ఏదీ వద్దు. చల్లగా ఉంటుందని ప్రేమతోనే తెస్తారు. వాళ్ళని నొప్పించకుండా, డాక్టరుగారు చుక్కల మందు తప్ప ఏదీ వెయ్యొద్దన్నారు అని చెప్పెయ్యండి. తలనొప్పి బామ్ నుదుటికి రాసుకునే అలవాటుంటే నెల ఆపాలి, ఆ వేళ్ళతోనే కన్ను తుడుచుకుంటారు. కాటుక కూడా అంతే.

పనులు. నడవొచ్చు, టీవీ చూడొచ్చు, ఫోన్‌లో మీతో మాట్లాడొచ్చు, చదువుకోవచ్చు. చూసినంత మాత్రాన లెన్సు అరిగిపోదు. నీళ్ళ బిందె, బియ్యం బస్తా లాంటి బరువులు, నడుం వంచి చేసే పనులు రెండు వారాలు వద్దు. కోత పెద్దదైతే ఇంకొన్నాళ్ళు. వంట వారం తర్వాత చెయ్యొచ్చు గానీ మిరపకాయ పోపు ఇంకొకరిని పెట్టమనండి. కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేసి ఊదే పని పూర్తిగా మానాలి.

ఈ నెలలోనే సార్వా కోతలు కదా. నూర్పిళ్ళ దగ్గర లేచే నూగు, ఊక ఒళ్ళంతా దురద పెడతాయి, ఇక కొత్త కంటి సంగతి చెప్పక్కర్లేదు. ధాన్యం కల్లంలో ఎండబెడుతుంటే అటు వెళ్ళకుండా ఉండటమే మేలు. కోనసీమలో కొబ్బరి ఒలుపు పనిచేసేవాళ్ళకీ ఇదే చెప్తాం, పీచు పొడి కంట్లో పడితే నలపకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. కూలి పోతుందని వారానికే పనిలోకి దిగేవాళ్ళని చూశాను. వాళ్ళ బాధ అర్థమవుతుంది. అలాంటివాళ్ళకి ఆపరేషన్‌కి ముందే పని ఖాళీ ఉండే రోజులు చూసుకోమని చెప్పడం తప్ప వేరే మార్గం కనిపించలేదు. మీ అమ్మగారి రెండో కంటికి కూడా కోతలూ నూర్పిళ్ళూ లేని రోజులు చూసుకోండి.

పగలు కళ్ళద్దాలు, రాత్రి ప్లాస్టిక్ షీల్డ్ తప్పనిసరి. నిద్రలో నలిపేది మనకి తెలీదు. షీల్డ్‌ని రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఆపరేషన్ అయిన కన్ను కిందికి వచ్చేలా పడుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా కళ్ళకలక ఉంటే వాళ్ళ తువ్వాలు, దిండు వేరుగా పెట్టాలి, చుక్కలు వాళ్ళ చేత వేయించొద్దు.

ఏది మామూలు, ఏది కాదు. కొంచెం గరగర, నీరు కారడం, వెలుతురు ఎక్కువనిపించడం, రంగులు కాస్త నీలంగా కనిపించడం మామూలు. ముదిరిన శుక్లం పసుపుగా ఉంటుంది, అది పోయాక తెలుపు తెల్లగా కనిపిస్తుంది, కొత్తగా అనిపిస్తుంది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ ఉంటే చూసి హడలిపోతారు, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది.

మామూలు కానివి: రోజురోజుకీ పెరిగే నొప్పి, కన్నంతా ఎర్రబడటం, రెప్ప ఉబ్బడం, నిన్న కనిపించింది ఇవాళ కనిపించకపోవడం, చిక్కటి పుసి. ఇవి కంటి లోపల ఇన్‌ఫెక్షన్‌కి గుర్తులు. చాలా అరుదుగా వస్తుంది, వస్తే ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. మెరుపులు మెరిసినట్టు ఉండటం, నల్లటి చుక్కలు ఒక్కసారిగా ఎక్కువవడం, ఒక పక్క తెర దించినట్టు కనిపించకపోవడం రెటీనా, అంటే కంటి వెనక ఉండే చూపు పొర, జారడానికి గుర్తులు. దీనికి గడువేమీ లేదు, నెలల తర్వాతైనా రావచ్చు. రెండిట్లోనూ ప్రతి గంటా ముఖ్యమే. ఇన్‌ఫెక్షన్ అయితే మందుని సూదితో కంటి లోపలికే ఇవ్వాలి. ఇంట్లో చుక్కలు ఎక్కువసార్లు వేసినా, నొప్పి మాత్ర మింగినా లాభం లేదు.

ఆచంట దగ్గర నుంచి ఒక అమ్మగారు రాత్రి మొదలైన నొప్పికి, పిల్లల నిద్ర పాడుచెయ్యడం ఎందుకని మర్నాడు సాయంత్రం దాకా ఓర్చుకున్నారు. వైద్యం అందింది, కానీ చూపు మొత్తం తిరిగి రాలేదు. మన తల్లులు ఓర్చుకుంటారు, అదే భయం. నాకు ఫోన్ చెయ్యమ్మా, అర్ధరాత్రయినా ఏమీ అనుకోను అని మీ నోటితో ముందే చెప్పండి. రాత్రిపూట వెళ్ళాల్సి వస్తే ఏ బండిలో, ఎవరు తీసుకెళ్తారో ఇవాళే మాట్లాడిపెట్టుకోండి. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం చూడకుండా చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం వైపు వెళ్ళిపోవచ్చు, లేదా ఇటు అమలాపురం. ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి డిశ్చార్జి కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యాలి. ఆ కాగితం ఫోటో మీ ఫోన్‌లోనూ ఉండాలి.

దూరంగా ఉన్న మీరు రోజూ చెయ్యగలిగింది ఒకటుంది. పొద్దున్న వీడియో కాల్‌లో, ఆపరేషన్ కాని కన్నుని అరచేత్తో కప్పుకుని, గోడ మీది క్యాలెండర్‌ని రోజూ ఒకే చోట నిలబడి చూడమనండి. తేదీల అంకెలు నిన్నటిలా కనిపిస్తున్నాయా, తగ్గాయా అని అడగండి. రెండు కళ్ళతో చూస్తే ఒక కంటి చూపు తగ్గినా తెలీదు.

ఇదంతా శుక్లం ఆపరేషన్ గురించే. కంట్లో కండ తీసినా, నీటికాసులకి చేసినా జాగ్రత్తలు కొంత మారతాయి. రెటీనా ఆపరేషన్‌లో గ్యాస్ పెడితే పూర్తిగా వేరు, బోర్లా పడుకోమంటారు, గ్యాస్ పోయేదాకా విమానం ఎక్కకూడదు. ఎవరైనా ఇది చదివి వాటికి వాడుకోవద్దు.

కళ్ళద్దాల నంబరు ఐదారు వారాలకి చూస్తారు, అప్పటిదాకా కొత్తవి చేయించకండి, నంబరు కుదురుకోదు. ఆ రోజు వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, వాడుతున్న చుక్కల సీసాలు, షుగర్ రిపోర్టు పట్టుకెళ్ళమనండి. షుగర్ ఉంది కాబట్టి కంటి లోపలి నరాన్నీ, రెటీనానీ కూడా చూడమని మీరే అడగండి.